రోస్కిల్డే నుంచి టోన్స్‌బర్గ్ దాకా: వైకింగ్ ఓడల వెంట

గురువారం

కోపెన్‌హాగన్‌లో రైలెక్కితే రోస్కిల్డేకి అరగంట కూడా పట్టదు. మా తమ్ముడు ఉద్యోగరీత్యా కోపెన్‌హాగన్‌లోనే ఉంటున్నాడు. జూలైలో వాళ్లింటికి వెళ్లగానే ముందే చెప్పేశాను, షాపింగులూ పార్కులూ తర్వాత, మొదట ఓడలు చూడాలి అని. గోదావరి పాయల పక్కన పుట్టి పెరిగినదాన్ని. కోరంగి, తాళ్లరేవు వైపు కొయ్య పడవలు కట్టడం చిన్నప్పుడే చూశాను. వెయ్యేళ్ల కిందట మునిగిన వైకింగుల (ఉత్తర ఐరోపా సముద్రయోధుల) ఓడలను మళ్లీ అదే పద్ధతిలో కట్టి సముద్రం మీదికి పంపేవాళ్లు ఉన్నారని తెలిసినప్పటి నుంచీ వాళ్ల పని దగ్గరుండి చూడాలని కోరిక.

స్టేషన్ నుంచి నీటి ఒడ్డుకి అంతా పల్లమే. హాయిగా నడుచుకుంటూ దిగిపోవచ్చు. అక్కడ కనిపించేది సముద్రంలా ఉండదు. నేల లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి పాయ అది, ఫ్యోర్డ్ అంటారు. ఉత్తరాన మొదలై ఊరి దాకా సుమారు నలభై కిలోమీటర్లు వస్తుంది. పదకొండో శతాబ్దంలో రోస్కిల్డే డెన్మార్క్‌లో ముఖ్యమైన పట్నం. సముద్రం మీంచి శత్రువులు వచ్చి పడతారన్న భయంతో 1070 ప్రాంతంలో స్కుల్డెలెవ్ అనే పల్లె దగ్గర, దారి ఇరుకైన చోట, పాతబడిన ఓడలను రాళ్లతో నింపి ముంచేశారు. అడుగున ఏదో ఓడ ఉందని జాలర్లకి తరతరాలుగా తెలుసు. అది పద్నాలుగో శతాబ్దపు మార్గరెతె రాణిదని చెప్పుకునేవాళ్లు. 1962లో ఆ చోటు చుట్టూ ఇనుప రేకుల గోడ దించి, లోపలి నీళ్లు తోడేసి, నాలుగు నెలల్లో తవ్వకం పూర్తి చేశారు. బయటపడ్డవి రాణిగారి కాలం కంటే మూడొందల ఏళ్లు పాతవి.

మొదట ఆరు ఓడలనుకున్నారు. నాలుగోదిగా లెక్కపెట్టింది రెండో ఓడలోని భాగమేనని తర్వాత తేలింది. అప్పటికే పేర్లు పెట్టేశారు కాబట్టి ఇప్పటికీ లెక్క ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు అనే సాగుతుంది. మా మేనకోడలికి ఇది భలే నచ్చింది. ప్రతి ఓడ దగ్గరా నంబరు సరిచూసుకుంటూ తిరిగింది.

మేం చూస్తున్న ఈ మ్యూజియం హాలు ఈ ఐదింటి కోసమే 1969లో తెరిచిన కాంక్రీటు కట్టడం. ఒక గోడంతా అద్దం. అద్దం అవతల ఫ్యోర్డ్ నీళ్లు, ఇవతల నల్లబారిన కొయ్య. అన్నేళ్లు నీళ్లలో నానిన కొయ్యని ఉట్టినే ఆరనిస్తే ముడుచుకుపోయి ముక్కలైపోతుంది. అందుకే పాలిథిలిన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థపు ద్రావణంలో ఏళ్ల తరబడి నానబెట్టి, తర్వాత వేలాది ముక్కలను ఇనుప చట్రాల మీద తిరిగి అమర్చారు. మూడో నంబరు చిన్న సరుకు ఓడ. దాని కొయ్య ముప్పాతిక భాగం దక్కింది. చూడగానే ఓడ అని తెలిసిపోతుంది. రెండో నంబరు పొడుగాటి యుద్ధనౌక. దక్కింది పాతిక శాతమే. మిగతాదంతా సన్నటి ఇనుప పట్టీలు గాలిలో గీసిన ఆకారం.

నేను ఎక్కువసేపు నిలబడింది ఆ పాతిక శాతం దగ్గరే. దాని ఓక్ కొయ్యలోని వార్షిక వలయాలను లెక్కపెట్టి, ఆ చెట్లను 1042లో కొట్టారనీ, అవి ఐర్లాండ్‌లో డబ్లిన్ పరిసరాల్లో పెరిగాయనీ తేల్చారు. డబ్లిన్ అప్పుడు వైకింగుల రేవుపట్నం. అక్కడ కట్టిన ఓడ ఇక్కడికొచ్చి మునిగింది.

"అత్తా, మిగతా ముక్కలు లేవు కదా. మరి ఓడ ఎంత పొడుగుందో వీళ్లకెలా తెలిసింది?" అంది మేనకోడలు. మంచి ప్రశ్న. దానికి జవాబు హాల్లో దొరకలేదు.

శుక్రవారం

జవాబు హాలు పక్కనే ఉంది. మ్యూజియం వాళ్ల పడవల యార్డులో. అక్కడ పనివాళ్లు నిజంగానే పడవలు కడుతుంటారు. మనం తాడు ఇవతల నిలబడి చూడొచ్చు, ఏదైనా అడగొచ్చు. గొడ్డలి కింద పెట్టి మరీ ఓపిగ్గా చెబుతారు.

పని ఇలా మొదలవుతుందట. దొరికిన ప్రతి ముక్కనీ అసలు సైజులో గీసుకుంటారు. మేకు కన్నాలు, గొడ్డలి గుర్తులు, అరుగుదల, అన్నీ ఆ బొమ్మలోకి ఎక్కాలి. తర్వాత పదో వంతు సైజులో అట్టతో అదే ముక్కలు కత్తిరించి, కన్నానికి కన్నం కలిపి నమూనా కడతారు. వైకింగ్ ఓడకి ఆకారం ఇచ్చేది పైపలకలే. ఒక పలక ఎటు వంగిందో తెలిస్తే దాని పక్కది ఎటు వంగాలో కొంతవరకు తెలిసిపోతుంది. అలా ఉన్నవాటి నుంచి లేనివాటిలోకి వెళతారు. అక్కడితో చేతిలో ఉన్నది ఒక ఊహ. ఆ ఊహ సరైనదో కాదో తేల్చుకోవాలంటే ఓడ కట్టి సముద్రంలోకి తీసుకెళ్లడం ఒకటే మార్గం.

యార్డులో ఒక ఓక్ దుంగ చీలుస్తున్నారు. రంపం లేదు. వైకింగుల పడవ కొయ్య మీద రంపం గుర్తులు కనపడవు కాబట్టి వీళ్లూ వాడరు. దుంగ కొసన సన్నగా చీలిక తెరిచి, అందులో మొన సన్నగా ఉన్న ఇనుప దిమ్మలు దిగ్గొట్టారు. ఒక్కో దెబ్బకీ లోపల నారలు తెగుతున్న శబ్దం వినిపించింది. దుంగ రెండయింది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. ఎప్పుడూ నడిబొడ్డు నుంచే చీలుస్తారు, కాబట్టి ముక్కలన్నీ బత్తాయి తొనల్లా వస్తాయి. ఆ తొనని గొడ్డలితో రెండు వైపులా చెక్కితే పలక. చీలిక నార వెంబడే పోతుంది గనక నార ఎక్కడా తెగదు. అందుకే రెండు మూడు సెంటీమీటర్ల మందంతోనే గట్టిగా ఉంటుంది, విరగకుండా వంగుతుంది. దానికి తోడు కొయ్య పచ్చిగా ఉన్నప్పుడే పని చేస్తారు. మన దగ్గర కలపని ఏళ్ల తరబడి ఆరబెట్టి వాడటం చూసిన నాకు ఇది కొత్త.

తర్వాత మేకులు కొట్టడం చూశాను. ఒక పలక అంచు మీద ఇంకో పలక అంచు ఎక్కుతుంది. రెండింటి మధ్య తారులో ముంచిన ఉన్నిదారం. కన్నంలోంచి ఇనుప మేకు బయటి నుంచి లోపలికి వస్తుంది. బయట ఒకామె మేకు తలకి బరువైన ఇనుపముద్ద అదిమిపెట్టి పట్టుకుంది. లోపల కూర్చున్నాయన మేకు కొసకి చిన్న చదరపు ఇనుప బిళ్ల తొడిగి, మిగిలిన కొస కత్తిరించి, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ పోయాడు. కొస అణిగి బిళ్ల మీద పరుచుకుంది. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు కనపడరు, పలక అడ్డం. మాటా లేదు. సుత్తి చప్పుడు మారగానే ఆమె తర్వాతి మేకు దగ్గరికి జరిగింది. ఒక్క మేకుకి ఎంత సేపు పడుతుందో చూశాక, సీ స్టాలియన్ ఓడకి అలాంటివి సుమారు 7,000 కొట్టారంటే ఒళ్లు జలదరించింది.

సీ స్టాలియన్ అంటే నిన్న చూసిన రెండో నంబరు ఓడకి ప్రతిరూపం. పూర్తి పేరు గ్లెండలాక్ సముద్రాశ్వం. గ్లెండలాక్ ఐర్లాండ్‌లో ఒక లోయ. 2000లో పని మొదలుపెట్టి 2004లో నీళ్లలోకి దించారు. రేవులోనే కట్టేసి ఉంది. పొడుగు 30 మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లకి లోపే. అరవై తెడ్లు, 112 చదరపు మీటర్ల తెరచాప. ఇంత ఓడా నీళ్లలో మునిగేది మీటరు లోతు. అందుకే వైకింగులు నదుల్లోకి కూడా దూసుకొచ్చేసేవాళ్లు.

2007 జూలై 1న అరవై మందికి పైగా సిబ్బందితో ఈ ఓడ రోస్కిల్డే నుంచి బయల్దేరి, నార్వే, ఓర్క్నీ దీవులు, స్కాట్లండ్ పడమటి తీరం మీదుగా ఆగస్టు 14న డబ్లిన్ చేరింది. పైకప్పు లేదు. మనిషికి దక్కిన చోటు చదరపు మీటరు కూడా కాదు. అందులోనే తిండి, నిద్ర, తడిసిన బట్టలు. ఉత్తర సముద్రంలో గాలి పడిపోయినప్పుడు కొంత దూరం తోడు ఓడ లాక్కెళ్లింది. దాన్ని వాళ్లు దాచిపెట్టలేదు. గాలి లేకపోతే వెయ్యేళ్ల కిందట కూడా రోజుల తరబడి ఆగిపోవాల్సి వచ్చేదన్నది ప్రయాణం నేర్పిన పాఠమే కదా. ఆ చలికాలం ఓడ డబ్లిన్‌లో నేషనల్ మ్యూజియం ముందు ఉంది. 2008లో ఇంగ్లండ్ దక్షిణ తీరం చుట్టి ఇంటికొచ్చింది.

ఓడ పక్కన రేవు గట్టు మీద కూర్చుంటే పైన్ తారు వాసన. సాయంత్రం ఇంటికెళ్లాక కూడా నా చున్నీలో అదే వాసన.

శనివారం

వాన. యార్డులో పెద్దగా పని జరగలేదు. కొండ మీది ఎర్ర ఇటుకల కేథడ్రల్‌కి వెళ్లాం. డెన్మార్క్ రాజులు రాణుల సమాధులన్నీ దాదాపు ఇక్కడే. ఇక్కడ మొదటి చెక్క చర్చి కట్టించింది హెరాల్డ్ బ్లూటూత్ అనే పదో శతాబ్దపు రాజని చెబుతారు. మన ఫోన్లలోని బ్లూటూత్ ఆయన పేరే. ఆ గుర్తు ఆయన పేరులోని రెండు రూన్ అక్షరాలు (అప్పటి ఉత్తరాది లిపి) కలిపి చేసింది. మేనకోడలు నా ఫోన్ తీసుకుని ఆ గుర్తు వాళ్ల నాన్నకి చూపించి మురిసిపోయింది.

నాలుగో క్రిస్టియన్ సమాధి దగ్గర మాత్రం కాసేపు ఆగాను. డెన్మార్క్ ఈస్టిండియా కంపెనీ మొదలైంది ఈయన హయాంలోనే, 1616లో. 1620లో తమిళనాడు తరంగంబాడిలో కోట కట్టారు. కొన్నేళ్లకి మచిలీపట్నంలో కూడా వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన తీరానికి ఓడలు పంపిన రాజు ఇక్కడ పడుకుని ఉన్నాడన్నమాట.

ఆదివారం

ఆకాశం తేటపడింది. పడమటి గాలి. వేసవిలో మ్యూజియం వాళ్లు సందర్శకులను పడవల మీద ఫ్యోర్డ్‌లోకి తీసుకెళతారు. సీ స్టాలియన్ మీద కాదు, దానికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. మమ్మల్ని ఎక్కించింది అదే పద్ధతిలో పలక మీద పలక ఎక్కించి కట్టిన చిన్న పడవలోకి. లైఫ్ జాకెట్లు ఇచ్చారు. పడవ వెనక నిలబడ్డ సరంగు అరవై దాటిన మనిషి. ముందే చెప్పింది, ఇక్కడ ప్రయాణికులంటూ ఎవరూ ఉండరు, అందరూ పనివాళ్లే అని.

రేవు దాటేదాకా తెడ్లే. తెడ్డు వేయడంలో బలం కంటే లయ ముఖ్యం. ముందున్న మనిషి వీపు చూస్తూ ఆ వీపు వంగినప్పుడు మనమూ వంగాలి. మా తమ్ముడు నా వెనకాల. "అక్కా, నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూనే ఉన్నాడు. కాసేపటికి తెడ్లన్నీ ఒక్కసారే నీళ్లలో పడటం మొదలైంది. పడవ తేలికైపోయినట్టు అనిపించింది.

తర్వాత తెరచాప. తెడ్లు లోపలికి తీసి, నలుగురం మోకు పట్టుకున్నాం. అడ్డకొయ్యతో పాటు తెరచాప పైకి లేస్తుంటే చేతుల్లో మోకు గరగరా జారింది. నాలుగు మూలల గుడ్డ. ఒక్కో కింది మూలకి ఒక్కో తాడు. సరంగు చెప్పినప్పుడల్లా ఒక వైపు బిగించి ఇంకో వైపు వదలాలి. గాలి నిండగానే తాడు ఎంత బలంగా లాగిందంటే, రెండు చేతులతో పట్టుకుని కాలు పలకకి తన్నిపెట్టాల్సి వచ్చింది. ఒక అల మీదికెక్కినప్పుడు నా కాలి కింద పలక కదిలింది. భయపడి సరంగు వైపు చూశాను. ఆమె నవ్వి, "అది అలాగే కదలాలి" అంది.

నాకు ఈ యాత్ర మొత్తం అర్థమైంది ఆ మాటతోనే. హాల్లో చూసిన కొయ్య కదలదు. ఆ ఓడలు అలకి తగ్గట్టు ఒళ్లు వంచుతాయని గాజు గోడ వెనకాల నిలబడి ఎన్నాళ్లు చూసినా తెలియదు. 1893లో నార్వేవాళ్లు తమ దేశంలో తవ్వకాల్లో దొరికిన గోక్‌స్టాడ్ అనే వైకింగ్ ఓడకి ప్రతిరూపం కట్టి, మాగ్నుస్ ఆండర్సన్ నాయకత్వంలో బెర్గెన్ నుంచి అట్లాంటిక్ దాటించి షికాగో ప్రపంచ ప్రదర్శనకి తీసుకెళ్లారు. వివేకానందుడు షికాగో వెళ్లింది కూడా అదే వేసవిలో. సముద్రం దాటడానికి నాలుగు వారాలు పట్టింది. అలల మీద ఓడ అంచులు ఆరు అంగుళాల దాకా మెలితిరిగేవనీ, అయినా లోపలికి నీళ్లు రాలేదనీ ఆండర్సన్ రాశాడు. ఆ మెలితిరగడమే ఓడని కాపాడింది. దాన్ని లోపమనుకుని మరిన్ని మేకులు కొట్టి బిగించి ఉంటే పలకలు చీలిపోయేవి.

ఇంకో సంగతి. చదరపు తెరచాపతో గాలి ఎటు తోస్తే అటే వెళ్లగలరని చాలామంది అనుకునేవాళ్లు. గాలికి ఏటవాలుగా, అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ ఎదురెక్కవచ్చని ఈ ప్రతిరూపాలు నడిపి చూపించాయి. తిరుగు ప్రయాణంలో మేమూ అలాగే వచ్చాం. ప్రతి మలుపుకీ తెరచాప ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మార్చాలి, అందరి చేతులూ పడాలి. రేవు చేరేసరికి భుజాలు పట్టేశాయి.

గట్టు మీద పాత రోర్ ఏగె ఉంది. మూడో నంబరు ఓడకి ప్రతిరూపం, 1984లో పూర్తయింది. ముప్పై ఏళ్లకి పైగా తిరిగి అలిసిపోయాక 2016లో ఒడ్డుకి లాగేశారు. దాని చోటులోకి ఎస్ట్రిడ్ బూర్దింగ్ అనే కొత్త ఓడ కట్టి 2022లో దించారు. పాతదాన్ని బాగుచేస్తే సరిపోయేది కదా అని అడిగితే, కొత్తది కడితేనే కట్టడం వచ్చినవాళ్లు కొత్త తరంలో తయారవుతారన్నారు యార్డులో. ఓడకి ఆయుష్షు ముప్పై ఏళ్లయితే పనికి కూడా అంతే, మధ్యలో ఎవరికీ నేర్పకపోతే. ఉత్తర దేశాల ఈ పడవల సంప్రదాయాన్ని 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. చేర్చింది పడవలను కాదు, కట్టే విద్యని.

సోమవారం

మధ్యాహ్నం నార్వే రాజధాని ఓస్లోకి ఓడ. రాత్రంతా ప్రయాణం. భోజనం, నిద్ర.

మంగళవారం

ఓస్లో నుంచి టోన్స్‌బర్గ్‌కి రైలు. టోన్స్‌బర్గ్ దగ్గర ఓసెబర్గ్‌లో తవ్వకాల్లో దొరికిన అసలు వైకింగ్ ఓడ ఓస్లో మ్యూజియంలోనే ఉన్నా, కొత్త భవనం కోసం 2022 నుంచి మూసేశారు. ఆ లోటు టోన్స్‌బర్గ్ రేవులో తీరుతుంది. సాగా ఓసెబర్గ్ అక్కడే ఉంటుంది. 2012లో నీళ్లలోకి దించిన ప్రతిరూపం. ముందు కొస పాముపడగలా చుట్టుకుపోయి, పక్కలంతా చెక్కుడు పని. రోస్కిల్డే ఓడల పక్కన ఇది పెళ్లికూతురే.

దీని వెనక కథ నాకు ఇంకా ఇష్టం. అసలు ఓడ 820 ప్రాంతంలో కట్టింది. 834లో ఇద్దరు స్త్రీలను అందులో ఉంచి మట్టిదిబ్బ కింద పూడ్చారు. 1904లో తవ్వితీశారు. మట్టీ రాళ్ల బరువుకి నలిగి వేల ముక్కలైపోయింది. వాటిని మళ్లీ కలిపి నిలబెట్టారు. అదే కొలతలతో ముందొక ప్రతిరూపం కట్టి 1988లో తెరచాప ఎత్తి పరీక్షిస్తుంటే, ముందు భాగం నీళ్లలో కూరుకుపోయి క్షణాల్లో మునిగింది. ఓసెబర్గ్ ఓడ సముద్రానికి పనికొచ్చేది కాదు, అంతిమయాత్రకే కట్టి ఉంటారు అని కొందరు తేల్చేశారు.

కొందరు మాత్రం ఒప్పుకోలేదు. 2006లో అసలు ఓడని లేజర్‌తో కొలిచి, ప్రతి ముక్కనీ మళ్లీ పరిశీలించి, నలిగిన ముక్కలను కలిపినప్పుడే ముందు భాగం ఆకారం తప్పిందని కనిపెట్టారు. దాన్ని సరిదిద్ది, నమూనాలను నీళ్లలో పరీక్షించి, అప్పుడు గొడ్డలి పట్టారు. ఆ ఓడే ఇది. చక్కగా నడుస్తోంది. పన్నెండు వందల ఏళ్ల కిందటి వడ్రంగి మీద పడిన నింద ఈ ఓడతో తొలగిపోయింది.

రేవు బల్ల మీద కూర్చుని నేను ఆలోచించింది శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల గురించి. రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్న నాణేలు, మన తీరంలో దొరికినవి. ఆ ఓడ ఒక్కటి కూడా మనకి దక్కలేదు. అయితే అజంతా గుహచిత్రం ఆధారంగా, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టి కట్టిన కౌండిన్య 2025లో మన నౌకాదళంలో చేరింది. బొమ్మ నుంచి ఓడ కట్టొచ్చని తేలిపోయింది. నాణెం మీది ఓడని కూడా ఎవరైనా కట్టాలి. కోరంగి వైపు కొయ్యపని చేసే చేతులు ఇంకా ఉన్నాయి. అవి ఉండగానే మొదలుపెట్టాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి: రోస్కిల్డే మ్యూజియం ఏడాది పొడుగునా ఉన్నా పడవ ప్రయాణాలు వేసవిలోనే. దానికి టికెట్ వేరే. ముందే తీసుకోండి, ఎండ కాస్తున్నా గాలి ఆపే జాకెట్ ఉంచుకోండి. యార్డుకి కనీసం సగం రోజు కేటాయించండి, పనిదినం అయితే మంచిది. టోన్స్‌బర్గ్‌లో సాగా ఓసెబర్గ్ ఒక్కోసారి ప్రయాణంలో ఉంటుంది, రేవులో ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి.